ఎక్స్‌ఆర్‌డీలో హంప్ ఉంది, దాని మీద పీకులూ ఉన్నాయి: ఈ శాంపిల్‌ని గాజు అనాలా, అమార్ఫస్ అనాలా?

ప్రశ్న: బోరేట్_కొలిమి

అందరికీ నమస్కారం అండి. లిథియం టెట్రాబోరేట్ గాజును మెల్ట్ క్వెంచింగ్ (కరిగించి చటుక్కున చల్లార్చే) పద్ధతిలో చేశాం. థీసిస్‌లో దీన్ని ఏ మాటతో రాయాలో తేలడం లేదు. వివరాలన్నీ పెడుతున్నాను, తప్పెక్కడుందో చూసి చెప్పండి.

కావలసింది 20 గ్రాముల గాజు. లిథియం కార్బొనేట్ 8.74 గ్రాములు, బోరిక్ యాసిడ్ 14.62 గ్రాములు తీసుకుని అగేట్ కల్వంలో అరగంట నూరి, పింగాణీ క్రూసిబుల్‌లో వేశాం. నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 1000 డిగ్రీలకు తీసుకెళ్లి 30 నిమిషాలు ఉంచాం. మామూలు గది వేడిలో ఉన్న ఇత్తడి పలక మీద పోసి, పైన ఇంకో పలకతో నొక్కాం. అంచుల్లో పలచగా ఉన్నచోట తేటగా వచ్చింది. మధ్యలో మందంగా ఉన్నచోట పాలలా తెల్లబడింది. సగం ముక్కలు పది నిమిషాల్లోపే చిట్లిపోయాయి. ఇంకో బ్యాచ్‌ని పోయకుండా క్రూసిబుల్‌లోనే చల్లార్చి తూస్తే 11.7 గ్రాములే ఉంది. మిగతా 8 గ్రాములూ బోరాన్ ఆవిరై పోయిందనుకుంటున్నాం.

ఎక్స్‌ఆర్‌డీకి, అంటే ఎక్స్ కిరణాలతో అణువుల అమరికను చూసే పరీక్షకి, పొడిని మామూలు గాజు స్లైడ్ మీద పరిచాం, కాపర్ కే ఆల్ఫా కిరణాలు. రెండు తీటాలో (కిరణం మళ్లిన కోణం) 20 నుంచి 30 మధ్య పెద్ద హంప్ (వెడల్పాటి గుట్ట), దాని మీద సన్నటి పీకులు. టెట్రాబోరేట్ ప్రామాణిక పీకుల కార్డుతో అవి కలవడం లేదు. డీఎస్సీకి, అంటే వేడిచేస్తూ శాంపిల్ ఎంత వేడి పీల్చిందో, వదిలిందో చూసే పరీక్షకి, తేట ముక్కల పొడి వాడాం, నిమిషానికి 10 డిగ్రీలు. 425 దగ్గర మెట్టు, మెట్టు చివర చిన్న ఎండోథెర్మ్ (వేడి పీల్చే పీక్), 478 దగ్గర ఎక్సోథెర్మ్ (వేడి వదిలే పీక్) మొదలు, 846 దగ్గర పదునైన ఎండోథెర్మ్.

అడిగేది మూడు విషయాలు. దీన్ని గాజు అనాలా, అమార్ఫస్ అనాలా, గ్లాస్ సెరామిక్ అనొచ్చా? మెట్టు చివర వచ్చిన ఆ చిన్న పీక్ ఏమిటి? తెలుగులో ఒక వ్యాసం కూడా రాయాలి. అస్ఫటికం, అమార్ఫస్, గాజు అన్న మాటలు ఒకదాని బదులు ఒకటి వాడొచ్చా?

జవాబు: తూకంరాయి

పేరు సంగతి తర్వాత. ముందు తూకం చూడండి, బోరిక్ యాసిడ్ సగమే పడింది.

లిథియం టెట్రాబోరేట్ అంటే ఒక పాలు లిథియం ఆక్సైడ్, రెండు పాళ్లు బోరాన్ ట్రైఆక్సైడ్. ఒక్కో ట్రైఆక్సైడ్‌లో బోరాన్లు రెండు, బోరిక్ యాసిడ్ అణువులో బోరాన్ ఒక్కటే. కాబట్టి ఒక మోల్ కార్బొనేట్‌కి నాలుగు మోల్స్ బోరిక్ యాసిడ్ కావాలి. మీరు రెండే వేశారు. టెట్రాబోరేట్ అణుభారం 169.12. 20 గ్రాములంటే 0.1183 మోల్. కార్బొనేట్ 73.89తో గుణిస్తే 8.74 గ్రాములు, అది సరిగ్గానే ఉంది. బోరిక్ యాసిడ్ 61.83ని నాలుగుతో, 0.1183తో గుణిస్తే 29.25 గ్రాములు రావాలి. మీ 14.62 అందులో సగం.

మీరు బోరాన్ ఆవిరైందనుకున్న లెక్క కూడా దీంతోనే తేలిపోతుంది. వేయని ట్రైఆక్సైడ్ 0.1183 మోల్, అంటే 8.23 గ్రాములు. 20లో అది పోతే 11.77. మీకు వచ్చింది 11.7. అంటే ఆవిరైంది దాదాపు ఏమీ లేదు. 1000 డిగ్రీల దగ్గర అరగంటలో బోరేట్ కరుగు 20కి 8 గ్రాములు పోగొట్టుకోదు. తూకంలో ఇంత తేడా కనిపించినప్పుడు ఆవిరిని నిందించే ముందు మోల్ లెక్కను ఇంకొకరి చేత చేయించాలి. బోరేట్ గాజుల్లో ఈ పొరపాటు చాలా మామూలు.

కనుక మీ చేతిలో ఉన్నది ఒకటికి ఒకటి పాళ్ల లిథియం మెటాబోరేట్. సాక్ష్యం మీ డీఎస్సీలోనే ఉంది. మెటాబోరేట్ 849 డిగ్రీల దగ్గర కరుగుతుంది, టెట్రాబోరేట్ 917 దగ్గర. మీ 846 ఎటు చెబుతోందో చూడండి. టీజీ, అంటే గాజు మెత్తబడటం మొదలయ్యే గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత, అదీ అంతే: టెట్రాబోరేట్ గాజుకు 490 చుట్టుపక్కల ఉండాలి, మీకు 425 వచ్చింది. ఎక్స్‌ఆర్‌డీ పీకులను మెటాబోరేట్ కార్డుతో పోల్చండి. టెట్రాబోరేట్‌కి అన్నిటికంటే బలమైన పీక్ 21.8 దగ్గర ఉండాలి, అది మీ పటంలో లేకపోవడం కూడా ఆధారమే.

మధ్యలో ఎందుకు తెల్లబడిందంటే, మెటాబోరేట్ పాళ్లు గాజు కావడానికి అంత సుముఖం కాదు. పలచటి అంచు త్వరగా చల్లారి గాజైంది. మందమైన నడిమి భాగానికి స్ఫటికాలు పుట్టేంత వ్యవధి దొరికింది.

జవాబు: పలక_మీద_కరుగు

తూకంరాయి గారు చెప్పింది సరే. తూకం సరిచేసినా ఈ పద్ధతిలోనే చేస్తే మళ్లీ చిట్లుతుంది, మళ్లీ పీకులు వస్తాయి. అందుకని తయారీ గురించి రాస్తున్నాను.

మొదటి అడ్డంకి పొంగు. 8.74 గ్రాముల కార్బొనేట్, 29.25 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపితే 38 గ్రాములు. అందులో 12.8 గ్రాములు నీరు, 5.2 గ్రాములు కార్బన్ డయాక్సైడ్, అంటే 18 గ్రాములు పైకి పోవాల్సిందే. మొత్తం ఒకేసారి వేసి నిమిషానికి 5 డిగ్రీల చొప్పున తోస్తే పాలు పొంగినట్టు పొంగి ఫర్నేస్ అడుగున కారుతుంది, పాళ్లు కూడా మారిపోతాయి. నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 150కి తీసుకెళ్లి గంట, 300 దగ్గర ఇంకో గంట ఆపండి. బోరిక్ యాసిడ్ నీరు అక్కడే చాలావరకు పోతుంది. 700 వరకూ తొందరపడకండి, కార్బొనేట్ వాయువు వదిలేది ఆలోపే. ఆ తర్వాత 1000కి. క్రూసిబుల్ చిన్నదైతే బ్యాచ్‌ని మూడు విడతలుగా వేయండి: మొదటిది కుంగాక రెండోది. కరుగును పదినిమిషాలకోసారి పటకారుతో పట్టి సుడి తిప్పండి. లేకపోతే అడుగున బోరాన్ ఎక్కువ, పైన తక్కువ అయి గాజులో దారాల్లాంటి చారలు పడతాయి. బుడగలు పూర్తిగా ఆగాకే పోయాలి.

రెండోది క్రూసిబుల్. గనుల ల్యాబుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్ కిరణాలతో ఏ మూలకం ఎంతుందో చూసే పరీక్ష) కోసం రాళ్లను, మట్టిని కరిగించడానికి వాడే ఫ్లక్స్ ఏమిటనుకున్నారు? మీరు చేస్తున్న లిథియం బోరేటే. సిలికా ఎక్కువున్న వాటికి మెటాబోరేట్, క్షార ఆక్సైడ్లకు టెట్రాబోరేట్ వైపు మొగ్గు. రాయినే తినేసే కరుగుని పింగాణీలో పోస్తే పింగాణీని వదులుతుందా? అల్యూమినా, సిలికా గాజులోకి దిగుతాయి, టీజీ కదులుతుంది, మీరు రాసిన పాళ్లు కాగితం మీదే ఉంటాయి. సరైన పాత్ర 95 శాతం ప్లాటినం, 5 శాతం బంగారం ఉన్న క్రూసిబుల్. ఆ బంగారం వల్ల కరుగు గోడకు అంటదు, ఒక్క చుక్క మిగలకుండా జారుతుంది. దాన్ని జాగ్రత్తగా వాడాలి. సీసం, బిస్మత్, సిలికాన్, ఫాస్ఫరస్ లాంటివి మూలక రూపంలోకి క్షయకరణం చెందితే ప్లాటినంతో కలిసి తక్కువ వేడికే కరిగే మిశ్రమాలవుతాయి, గోడకు చిల్లు పడుతుంది. బొగ్గుపొడి గానీ, వడపోత కాగితం ముక్క గానీ బ్యాచ్‌లో పడకూడదు. వేడిగా ఉన్నప్పుడు ఇనుప పటకారు నేరుగా తగలనివ్వకండి, కొనలకు ప్లాటినం తొడుగు ఉండాలి.

మూడోది పోయడం. చల్లటి ఇత్తడి మీద పోస్తే చర్మం ముందు బిగుసుకుంటుంది, లోపల ఇంకా మెత్తగా ఉంటుంది. లోపలి భాగం తర్వాత కుంచించుకుందామంటే బిగుసుకున్న చర్మం ఒప్పుకోదు. ఆ తన్నులాటే చిట్లడం. పలకను 300 డిగ్రీల వరకు వేడిచేసి పెట్టుకోండి. అలాగని 450 దాకా పోనిస్తే కరుగు స్ఫటికాలు పుట్టే మండలంలో ఎక్కువసేపు నిలుస్తుంది. రెండింటి మధ్య దారి వెతుక్కోవాలి. మందం 2 మిల్లీమీటర్లు మించనివ్వకండి. మందం సగమైతే లోపలి వేడి బయటికి రావడానికి పట్టే కాలం నాలుగో వంతుకు పడిపోతుంది. మీ నడిమి తెలుపుకి పాళ్ల తర్వాత పెద్ద కారణం ఇదే.

పోసిన రెండు మూడు నిమిషాల్లోపే ముక్కను ఆనీలింగ్ (లోపలి ఒత్తిడి పోయేలా వేడిలో ఉంచి నెమ్మదిగా చల్లార్చడం) ఫర్నేస్‌లోకి మార్చాలి. టెట్రాబోరేట్‌కి 470 దగ్గర 2 గంటలు, అంటే టీజీకి 20 కింద. తర్వాత నిమిషానికి 1 డిగ్రీ చొప్పున 300 వరకు దించి, ఫర్నేస్ ఆపి తలుపు తీయకుండా వదిలేయండి. ఒత్తిడి పోయిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. రెండు పోలరాయిడ్ ఫిల్ములను అడ్డంగా తిప్పి వెలుతురు ఆపేసి, మధ్యలో ముక్కను పెట్టండి. చీకటిగా ఉంటే ఒత్తిడి లేదు. తెల్లటి శిలువలు గానీ రంగులు గానీ కనిపిస్తే మళ్లీ ఆనీల్ చేయాలి.

ఇక ఎక్స్‌ఆర్‌డీ. స్లైడ్ కూడా గాజే అని మరిచిపోయారు. సోడా లైమ్ స్లైడ్‌కి తన హంప్ ఉంది, అదీ 20 నుంచి 30 మధ్యలోనే. లిథియం, బోరాన్, ఆక్సిజన్ తేలిక మూలకాలు, ఎక్స్ కిరణాలను అంతగా పీల్చుకోవు. పలచగా పరిస్తే కిరణం పొడిని దాటి స్లైడ్‌ని కొలుస్తుంది. మీ హంప్‌లో మీ శాంపిల్ వాటా ఎంతో ఇప్పుడెవరూ చెప్పలేరు. జీరో బ్యాక్‌గ్రౌండ్ సిలికాన్ హోల్డర్ అడగండి, లేదా లోతైన గుంత ఉన్న హోల్డర్‌లో పొడి నింపండి. ఖాళీ హోల్డర్ స్కాన్ కూడా అదే సెట్టింగుల్లో తీసి పక్కన పెట్టుకోండి. 10 నుంచి 80 వరకు, 0.02 డిగ్రీల అడుగు, అడుగుకి కనీసం 2 సెకండ్లు. తొందర స్కాన్‌లో చిన్న పీకులు నాయిస్‌లో కలిసిపోతాయి.

26.6 దగ్గర ఒంటరి పీక్ ఉంటే అది క్వార్ట్జ్, కల్వం అరిగి పడిన పొడి కావచ్చు. 35.1, 43.3 దగ్గర కలిసి వస్తే కోరండం, అంటే అల్యూమినా. 28.0 దగ్గర వస్తే బోరిక్ యాసిడ్: బోరాన్ ఎక్కువున్న గాజు పొడిని గాలిలో వదిలితే తేమ పీల్చి పైపొర తిరిగి బోరిక్ యాసిడ్ అవుతుంది. ఏ పీక్ ఎక్కడిదో చెప్పకుండా "కొద్దిగా స్ఫటికీకరణ జరిగింది" అని రాస్తే పరీక్షకుడు పట్టుకుంటాడు.

జవాబు: అరమోడ్పు_స్ఫటికం

మూడో ప్రశ్నకు నా జవాబు. ఈ మాటలు ఒకదాని బదులు ఒకటి వాడటం వల్లే సగం గందరగోళం.

అస్ఫటికం అన్నది నిర్మాణం గురించిన మాట. అణువుల అమరిక దూరదూరాల దాకా తిరిగి తిరిగి రాదు, అంతే దాని అర్థం. అమార్ఫస్‌నీ వాడుకలో అదే అర్థంలో వాడతారు. గాజు అన్నది ప్రవర్తన గురించిన మాట. వేడిచేస్తే గ్లాస్ ట్రాన్సిషన్ చూపించాలి, అంటే ఒక ఉష్ణోగ్రత ప్రాంతంలో బిగుసుకున్న ఘనం నెమ్మదిగా జిగట ద్రవంగా మారాలి. గాజులన్నీ అస్ఫటికాలే. అస్ఫటికాలన్నీ గాజులు కావు. సోలార్ ప్యానెళ్లలో వాడే అమార్ఫస్ సిలికాన్ పొరను తీసుకోండి. సిలేన్ వాయువు నుంచి ప్లాస్మాలో పేరుస్తారు. వేడిచేస్తే అది మెత్తబడి ద్రవమయ్యేలోపే స్ఫటికమైపోతుంది. దాన్ని అమార్ఫస్ అంటారు గానీ గాజు అనరు. యురేనియం, థోరియం ఉన్న జిర్కాన్ ఖనిజంలో రేడియోధార్మికత వల్ల కోట్ల ఏళ్లలో స్ఫటిక నిర్మాణం చెదిరిపోతుంది. దానికి మెటామిక్ట్ అని వేరే పేరే ఉంది. ఆ అస్ఫటిక రూపం కరుగు చల్లారి వచ్చింది కాదు కదా.

కాబట్టి హంప్ చూసి అమార్ఫస్ అనొచ్చు, హంప్ ఒక్కటే చూసి గాజు అనకూడదు. గాజు అనాలంటే టీజీ చూపించాలి. మీ తేట ముక్కకు 425 దగ్గర మెట్టు ఉంది కనుక దాన్ని నిస్సంకోచంగా గాజు అనండి.

హంప్ చూసి అమార్ఫస్ అనడానికీ ఒక హద్దుంది. పీక్ వెడల్పును స్ఫటికం సైజుతో ముడిపెట్టే షెరర్ లెక్క ప్రకారం 2 నానోమీటర్ల స్ఫటికాలకు 22 డిగ్రీల దగ్గర పీక్ వెడల్పు 4 డిగ్రీలు వస్తుంది. అది పీకులా కనిపించదు, హంప్‌లాగే ఉంటుంది. పైగా ఒకటి రెండు శాతం స్ఫటికాలు మామూలు స్కాన్‌లో బయటపడకపోవచ్చు. అందుకే జాగ్రత్తగా రాసేవాళ్లు "ఎక్స్‌ఆర్‌డీ ప్రకారం అమార్ఫస్" అని రాస్తారు. ఆ మూడు మాటలూ మొత్తం రాయండి, మొదటి రెండూ వదిలేయకండి.

గ్లాస్ సెరామిక్ మాత్రం అనకండి. అది కావాలని, అదుపులో పెట్టి స్ఫటికాలు పుట్టించిన పదార్థం. 1953లో కార్నింగ్ గాజు కంపెనీలో స్టూకీ అనే శాస్త్రవేత్త పనిచేస్తుండగా ఫర్నేస్ 600 డిగ్రీలకు బదులు 900 దాకా పోయి మొదటిది యాదృచ్ఛికంగా దొరికిన మాట నిజమే. ఆ తర్వాత అదంతా బీజకారకాలు వేసి, ముందు బీజాలు, తర్వాత పెరుగుదల అని రెండు మెట్ల వేడిమితో చేసే పద్ధతైంది. అనుకోకుండా తెల్లబడితే దాని పేరు డీవిట్రిఫికేషన్. మీ నడిమి భాగానికి ఆ మాటే సరైనది. తెల్లబడ్డదల్లా స్ఫటికమే అని కూడా అనుకోవద్దు. సోడియం బోరోసిలికేట్ లాంటి గాజుల్లో కరుగు రెండు ద్రవాలుగా విడిపోయి రెండూ గాజుగానే బిగుసుకుంటాయి. పాలలా తెల్లగా కనిపిస్తుంది, ఎక్స్‌ఆర్‌డీలో హంప్ తప్ప ఏమీ ఉండదు.

సూపర్‌కూల్డ్ ద్రవం అన్న మాటను గాజుకి పర్యాయపదంగా వాడకండి. మీ శాంపిల్‌లో 425 నుంచి 478 వరకు ఉన్న 53 డిగ్రీల పట్టీయే సూపర్‌కూల్డ్ ద్రవం. 425 కింద అది గాజు. పాత చర్చి కిటికీల అద్దాలు శతాబ్దాలుగా కారి కింద మందమయ్యాయన్న కథ ఈ గందరగోళంలోంచే పుట్టింది. అప్పట్లో అద్దాన్ని తిప్పి పలక చేసేవారు కనుక మందం మొదటినుంచీ హెచ్చుతగ్గులుగానే ఉండేది. టీజీ దగ్గర స్నిగ్ధత పదికి 12 ఘాతం పాస్కల్ సెకండ్లు. కిటికీ గాజు టీజీ 550 చుట్టుపక్కల ఉంటుంది. గది వేడిలో ఆ స్నిగ్ధత ఎక్కడో ఆకాశంలో ఉంటుంది, మనిషి కాలంలో అది కదలదు.

"క్రమం లేని పదార్థం" అని కూడా రాయకండి. 1932లో జకరయాసెన్ గాజు నిర్మాణానికి చెప్పిన అస్తవ్యస్త జాలకంలో కూడా ఇరుగుపొరుగు అమరిక పక్కాగా ఉంటుంది. మీ గాజులో బోరాన్ కొన్నిచోట్ల మూడు ఆక్సిజన్లతో త్రిభుజం, కొన్నిచోట్ల నాలుగింటితో చతుర్ముఖి. త్రిభుజంలో బంధం పొడవు 1.37 ఆంగ్‌స్ట్రాములు, చతుర్ముఖిలో 1.47. ఇన్‌ఫ్రారెడ్‌లో త్రిభుజాల పట్టీ 1200 నుంచి 1500 తరంగసంఖ్య మధ్య, చతుర్ముఖులది 850 నుంచి 1100 మధ్య వస్తుంది. దగ్గరి క్రమం ఉంది, దూరపు క్రమం లేదు అని రాస్తే సరిపోతుంది. క్వాజీ స్ఫటికాలది ఇంకో దారి: అమరిక తిరిగి తిరిగి రాదు, అయినా దూరపు క్రమం ఉంది, పీకులు పదునుగా వస్తాయి. 1982లో షెక్ట్‌మన్ చూసింది అదే. వాటిని అస్ఫటికాల్లో కలపకూడదు.

తెలుగు మాటల విషయానికొస్తే, అమార్ఫస్‌ని "ఆకారం లేనిది" అని అనువదించకండి. గాజు గ్లాసుకి ఆకారం లేదంటే పిల్లలు కూడా నవ్వుతారు. లేనిది స్ఫటిక రూపం. అస్ఫటిక ఘనపదార్థం అనండి, గాజును గాజనే అనండి. మన వంటింట్లోనే మంచి ఉదాహరణ ఉంది. పటిక అన్న మాట స్ఫటికం నుంచి వచ్చిందే. పటికబెల్లం చక్కెర స్ఫటికం, జాతరలో అమ్మే పీచుమిఠాయి అదే చక్కెర గాజు. కరిగిన చక్కెర సన్నటి దారంగా బయటికి ఎగిరి గాలిలోనే చల్లారిపోతుంది, స్ఫటికం కట్టే తీరిక దొరకదు. పీచుమిఠాయిని బయట పెడితే తేమ పీల్చి కుంచించుకుపోతుంది. నీరు చేరినకొద్దీ చక్కెర గాజు టీజీ పడిపోతుంది, గది వేడి కంటే కిందికి రాగానే అది ద్రవంలా కూలుతుంది. అదే తేమలో పటికబెల్లం ముక్క నిక్షేపంగా ఉంటుంది. ఒక హెచ్చరిక: దుకాణాల్లో క్రిస్టల్ గ్లాసు అని అమ్మేది స్ఫటికం కాదు, సీసం ఆక్సైడ్ లాంటివి కలిసిన గాజే.

జవాబు: ఏపీఐ_అరలో

రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కనుక రాస్తున్నాను. హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో ఈ పీక్ రోజూ కనిపించేదే. ఇక్కడ అందరం అమార్ఫస్ ఏపీఐ (మందులో పనిచేసే అసలు పదార్థం) అంటాం, గాజు అన్న మాట ఎవరి నోటా రాదు. కానీ ఇండోమెథాసిన్ అనే నొప్పి మందుని కరిగించి చల్లారిస్తే వచ్చేది 42 డిగ్రీల టీజీ ఉన్న అసలైన గాజు.

మెట్టు చివరి ఆ చిన్న ఎండోథెర్మ్‌ని కరగడం అనుకోకండి. అది ఎంథాల్పీ రిలాక్సేషన్. త్వరగా చల్లార్చిన గాజు ఎక్కువ శక్తితో బిగుసుకుంటుంది. నిల్వలో గానీ ఆనీలింగ్‌లో గానీ నెమ్మదిగా సర్దుకుంటూ ఆ శక్తిని పోగొట్టుకుంటుంది. డీఎస్సీలో టీజీ దాటేటప్పుడు పోగొట్టుకున్నదాన్ని ఒక్కసారిగా తిరిగి లాక్కుంటుంది, అదే పీక్. శాంపిల్ ఎన్ని రోజులు ఎంత వేడిలో ఉందో బట్టి పీక్ ఎత్తు మారుతుంది. ఆనీల్ చేసిన ముక్కకు ఇది పెద్దదిగా వస్తుంది, కంగారు పడొద్దు.

దీన్ని తుడిచేయడానికి రెండుసార్లు వేడి చేయాలి. మొదటిసారి టీజీకి 20, 25 డిగ్రీలు పైకి, అంటే మీ పాత శాంపిల్‌కి 450 వరకే. అంతకు మించితే 478కి దగ్గరై బీజాలు పుడతాయి, రెండో రన్‌లో చూసేది వేరే శాంపిల్ అవుతుంది. అక్కణ్నుంచి నిమిషానికి 10 డిగ్రీల చొప్పున దించి, మళ్లీ 10 చొప్పున ఎక్కించండి. రెండోసారి వచ్చిన మెట్టులోంచే టీజీ చదవండి. ఆన్‌సెట్టా మిడ్‌పాయింటా, వేడిచేసిన వేగం ఎంత, రెండూ రాయాలి. టీజీ కరిగే ఉష్ణోగ్రతలా స్థిరాంకం కాదు, చల్లార్చిన వేగం పదిరెట్లు మారితే కొన్ని డిగ్రీలు కదులుతుంది.

పొడి, ముక్క రెండింటికీ విడివిడిగా రన్ చేయండి. పొడికి ఉపరితలం ఎక్కువ కనుక స్ఫటికీకరణ సాధారణంగా తక్కువ వేడికే మొదలవుతుంది. పొడి ఆన్‌సెట్ తీసుకుని ముక్క స్థిరత్వం గురించి రాస్తే తప్పు. అల్యూమినియం ప్యాన్ 600 దాటించకండి, 660 దగ్గర కరిగి సెన్సర్ మీద అతుక్కుంటుంది.

నిల్వకు మా దగ్గర ఒక మోటు సూత్రం ఉంది: టీజీకి కనీసం 50 డిగ్రీలు కింద ఉంచాలి. మీ బోరేట్‌కి 490 కనుక ఆ చింత లేదు. మీకు శత్రువు తేమ, డెసికేటర్ చాలు.

బోరేట్_కొలిమి

అందరికీ ధన్యవాదాలు అండి. పాత పీకులు మెటాబోరేట్ కార్డుతో ఒక్కటీ మిగలకుండా కలిశాయి. 29.25 గ్రాములతో కొత్త బ్యాచ్ చేశాం. విడతలుగా వేశాం, పొంగలేదు. 300 డిగ్రీల పలక, 2 మిల్లీమీటర్ల మందం, 470 దగ్గర ఆనీలింగ్. ఒక్క ముక్కా చిట్లలేదు, మొత్తం తేటగా ఉంది. సిలికాన్ హోల్డర్ మీద హంప్ ఒక్కటే. రెండో హీటింగ్‌లో టీజీ ఆన్‌సెట్ 494. ప్లాటినం క్రూసిబుల్ దొరకలేదు, పింగాణీలోనే చేశాం. గాజునూ క్రూసిబుల్‌నీ కలిపి తూసి ఖాళీ క్రూసిబుల్ బరువు తీసేస్తే 19.9 గ్రాములు వచ్చింది కనుక పింగాణీ కరగలేదని రాయొచ్చా?

జవాబు: తూకంరాయి

రాయకూడదండి. పింగాణీ కరిగి గాజులోకి చేరినా రెండూ అదే పళ్లెంలో ఉన్నాయి, కలిపి తూస్తే ఆ తేడా కనపడదు. ఆ 19.9 చెప్పేది ఒక్కటే, ఆవిరి నష్టం 0.1 గ్రాము దగ్గర ఉందని.

కరిగిన పింగాణీ తెలియాలంటే క్రూసిబుల్‌ని విడిగా తూయాలి. గాజు పోసేశాక అంటుకున్న పొరను వేడి చేసిన పలుచటి నైట్రిక్ యాసిడ్‌లో వదలండి. లిథియం బోరేట్ అందులో కరిగిపోతుంది, ఎక్స్‌ఆర్‌ఎఫ్ వాళ్లు తమ పాత్రలు కడిగేది అలాగే. డిస్టిల్డ్ నీళ్లతో కడిగి, 110 డిగ్రీల దగ్గర బరువు స్థిరపడేదాకా ఆరబెట్టి తూయండి. వాడకముందు ఖాళీ బరువుతో దాన్ని పోల్చండి. 0.3 గ్రాములు తగ్గిందంటే 20 గ్రాముల గాజులో ఒకటిన్నర శాతం పింగాణీ ఉన్నట్టు. ఏ మూలకం ఎంతో కావాలంటే ఆ గాజునే యాసిడ్‌లో కరిగించి ఐసీపీలో (మూలకాల మోతాదు కొలిచే యంత్రం) అల్యూమినియం, సిలికాన్ చూపించండి.

ఆ అంకె వచ్చాక థీసిస్‌లో ఇలా రాయండి: "పింగాణీ క్రూసిబుల్‌లో 1000 డిగ్రీల వద్ద కరిగించి చల్లార్చిన లిథియం టెట్రాబోరేట్ గాజు; ఎక్స్‌ఆర్‌డీ ప్రకారం అమార్ఫస్; టీజీ ఆన్‌సెట్ 494 డిగ్రీలు, రెండో హీటింగ్, నిమిషానికి 10 డిగ్రీలు; క్రూసిబుల్ నుంచి చేరిన మలినం ఇంత శాతం." 11.7 గ్రాముల పాత బ్యాచ్‌ని పారేయకండి. సీసా మీద మెటాబోరేట్ అని చీటీ మార్చి డెసికేటర్‌లో పెట్టండి. పక్కపక్కన పెట్టి చూపించడానికి తెల్లబడ్డ ముక్క ఒకటి కావాలి కదా.